పతకానికి అందని త్యాగం

యుద్ధరంగంలో పరాక్రమించిన సైనికుణ్ణి పతకంతో సత్కరించడం రాజ్యాలకు పరిపాటి. అయితే కర్షకుడో, కార్మికుడో తన వృత్తిని వీడకుండానే ఆయుధం చేపట్టినప్పుడు అతని సేవకు గుర్తింపు ఎట్లా లభిస్తుంది?

తూర్పు జర్మనీలో 1953 జూన్ మాసంలో కార్మికులు ప్రభుత్వంపై తిరుగుబాటు చేశారు. దాని అనంతరం అక్కడి సోషలిస్టు ప్రభుత్వం కర్మాగారాలలో కార్మిక సాయుధ దళాలను నెలకొల్పింది. 1961లో బెర్లిన్ గోడ నిర్మాణ సమయంలో ఈ దళాలు కాపలా కాశాయి. సేవాకాలాన్ని బట్టి వీరికి పతకాలు లభించేవి. 1990లో జర్మనీ ఏకీకరణతో ఆ రాజ్యమే అంతరించింది. పతకాలు మిగిలాయి గాని, వాటిని గౌరవించే ప్రభుత్వం మిగలలేదు.

తెలంగాణ రైతాంగ పోరాటం దీనికి భిన్నమైనది. ఇక్కడి దళాలను రాజ్యం సృష్టించలేదు. అవి రాజ్యాన్నే ఎదిరించాయి. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం పాలనపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. గ్రామ రక్షణకు సుమారు పదివేలమంది, గెరిల్లా దళాలలో సుమారు రెండు వేలమంది పనిచేశారని పుచ్చలపల్లి సుందరయ్య పేర్కొన్నారు. కరీంనగర్ ప్రాంతంలో దళాన్ని నడిపిన అనభేరి ప్రభాకరరావు సంపన్న కుటుంబంలో జన్మించినా పేదల పక్షం వహించాడు. 1948 మార్చి 14న హుస్నాబాద్ సమీపంలోని మహమ్మదాపూర్ గుట్టలలో సహచరులతోపాటు నేలకొరిగాడు.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత కూడా పోరాటం 1951 అక్టోబరు వరకు సాగింది. నిన్నటి వీరులు నూతన ప్రభుత్వ దృష్టిలో నేరస్థులయ్యారు. అయినా 1952 ఎన్నికలలో కరీంనగర్ ప్రజలు బద్దం ఎల్లారెడ్డిని లోక్‌సభకు పంపారు. ప్రభుత్వం కంటె ముందుగా ప్రజలే ఆ పోరాటాన్ని గుర్తించారన్నమాట.

1972లో స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భంగా కేంద్ర ప్రభుత్వం సమరయోధులకు తామ్రపత్రాలను బహూకరించి, పింఛను పథకాన్ని ప్రారంభించింది. కాలక్రమంలో హైదరాబాదు సంస్థాన ఉద్యమంలో పాల్గొన్నవారికి కూడా ఈ పింఛను వర్తించింది. అయితే జైలు జీవితానికి గాని, అజ్ఞాతవాసానికి గాని ఆధారాలు చూపవలసి ఉండేది. దళ సభ్యునికి రహస్యమే రక్ష. మారుపేరుతో తిరుగుతూ, ఆనవాలు మిగల్చకుండా బ్రతికినవాడు దశాబ్దాల తరువాత పత్రాలు ఎక్కడినుండి తేగలడు? ఒకనాడు ప్రాణాన్ని కాపాడిన గోప్యతే తరువాత గుర్తింపుకు అడ్డంకి అయింది.

గుర్తింపునకు మరొక మార్గం కూడా ఉన్నది. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడి 1940లో జోడేఘాట్‌లో అమరుడైన కొమురం భీమ్‌కు ఆనాటి రాజ్యం ఏ పతకమూ ఇవ్వలేదు. ఆదివాసులు ఏటేటా వర్ధంతి జరిపి ఆయన స్మృతిని నిలుపుకొన్నారు. 2016లో ఆదిలాబాద్ జిల్లా విభజన జరిగినప్పుడు ఆసిఫాబాద్ జిల్లాకు ఆయన పేరు చేరింది. రాజ్యమిచ్చిన పతకం రాజ్యంతోనే విలువ కోల్పోవచ్చు. ప్రజలు నిలుపుకొన్న పేరును మాత్రం చివరకు రాజ్యం కూడా స్వీకరించక తప్పదు.