యోధా? బొలేరో? – పికప్ కొనేముందు వేయవలసిన లెక్క

సరుకు మోసే బండిని కొనడం కారు కొనడం వంటిది కాదు. కారు ఎంపికలో పొరపాటు జరిగితే యజమానికి కొంత అసంతృప్తి మిగులుతుంది, అంతే. సరుకు బండి ఎంపికలో జరిగితే వచ్చిన కిరాయి డీజిలుకే చాలదు, నెలవాయిదా తరుముకొస్తుంది, చివరకు బండి ఫైనాన్సు సంస్థ యార్డుకు చేరుతుంది. జంషెడ్‌పూర్ నగరంలోని సీతారాండేరా వంటి పేటలో ఈ ఎంపికకు మరింత ప్రాధాన్యం ఉన్నది. ఉక్కు కర్మాగారం పనులను నమ్ముకొని ఉత్తర కోస్తా జిల్లాల నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు ఆ నగరం ఏనాడో స్వస్థలమైంది. అటువంటి ఇంట తండ్రి పదవీ విరమణనాడు అందుకొన్న సొమ్ము కుమారుని జీవనోపాధికై ఒక పికప్ వాహనంగా మారితే, ఆ నిర్ణయంలో రెండు తరాల శ్రమ ఇమిడి ఉంటుంది.

ఈ తరగతిలో కొనుగోలుదారు ముందు ప్రధానంగా నిలిచే పేర్లు రెండు: టాటా యోధా, మహీంద్రా బొలేరో పికప్. రెండింటిలో ఏది మేలు అని అడిగితే ఎవరి అభిమానం వారు చెబుతారు. కాని అసలు అడగవలసిన ప్రశ్న వేరు. ఆ బండి ఏ సరుకును, ఎంత దూరం, రోజుకు ఎన్నిసార్లు మోయవలసి ఉంటుంది? దీనికి జవాబు దొరికిన తరువాతనే కంపెనీ పేరు ప్రస్తావనకు రావాలి.

ఒకే ఏట పుట్టిన ప్రత్యర్థులు

ఈ రెండు సంస్థలూ 1945లోనే పుట్టడం విశేషం. జంషెడ్‌పూర్‌లో ఆవిరి రైలింజన్ల తయారీతో ఆరంభమైన టెల్కో, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల నిర్మాణం చేపట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. 2003లో సంస్థ పేరు టాటా మోటార్స్‌గా మారింది. మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులతో వాహనరంగంలో అడుగుపెట్టింది. ఒకరిది లారీ వంశం, మరొకరిది జీపు వంశం. పికప్ తరగతిలో ఈ రెండు వంశాలూ ఎదురుపడ్డాయి.

టాటా తొలి పికప్ అయిన టాటామొబైల్ 1988లో వెలువడింది, అదీ జంషెడ్‌పూర్ నుండి కాదు, పుణే నుండి. ఆ వరుసలో యోధా 2017లో వచ్చింది. బొలేరో పేరు 2000లో వెలువడిన ప్రయాణికుల వాహనంతో జనం నోట నానింది. తరువాత అదే పేరు పికప్‌కూ దక్కింది. ఈ తరగతి అమ్మకాలలో మహీంద్రా చాలాకాలంగా అగ్రస్థానంలో ఉన్నది.

ఇటువంటి పోటీ తెలుగునాటికి కొత్త కాదు. 1980 దశకంలో తేలికపాటి లారీల కోసం నాలుగు భారతీయ సంస్థలు జపాను కంపెనీలతో చేయి కలిపాయి. డి.సి.ఎం.-టొయోటా, స్వరాజ్-మాజ్దా, ఐషర్-మిత్సుబిషిలతో పాటు హైదరాబాదు ఆల్విన్-నిస్సాన్ వాటిలో ఒకటి. ఆల్విన్-నిస్సాన్ కర్మాగారం జహీరాబాదులో వెలసింది. జపాను బండ్లు నునుపుగా నడిచేవి, చూడ ముచ్చటగా ఉండేవి. 1986లో టాటా సంస్థ సొంతంగా రూపొందించిన 407ను రంగంలోకి దింపింది. 1985 తరువాత జపాను యెన్ విలువ పెరిగి, దిగుమతి భాగాల ధర భారమైంది. 407 విడిభాగాలు మాత్రం చిన్న పట్టణాలలోనూ దొరికేవి. చివరకు జహీరాబాదు కర్మాగారం మహీంద్రా చేతికి వచ్చింది. ఇంజను ఎంత గొప్పదైనా, మరమ్మతు దగ్గరలో లేని బండి పేదవాని బండి కాలేదన్నది ఆనాటి పాఠం.

కాగితం మీది అంకెలు

2022లో వెలువడిన యోధా 2.0 రెండు టన్నుల సరుకు మోయగలదు. దాని 2.2 లీటర్ల డీజిల్ ఇంజను 100 అశ్వశక్తిని, 250 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ఇస్తుంది. మహీంద్రా బొలేరో మాక్స్ పికప్ కూడ 2022లోనే వచ్చింది. అందులోని 2.5 లీటర్ల ఇంజను, రకాన్ని బట్టి, 200 లేదా 220 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. మోసే బరువు సుమారు 1.3 టన్నుల నుండి రెండు టన్నుల వరకు ఉన్నది.

ఈ అంకెల అర్థం తెలియకపోతే అవి కొనుగోలుదారును భ్రమింపజేస్తాయి. అశ్వశక్తి ప్రధానంగా వేగానికి తోడ్పడుతుంది. టార్క్ చక్రాన్ని తిప్పే బలం. నిండు లోడుతో నిలిచిన బండిని కదలించేది, ఎత్తు ఎక్కించేది అదే. రాంచీ మార్గంలో ఘాటు ఎక్కవలసిన బండికి యోధా బలం ఉపకరిస్తుంది. సాక్చీ బజారు రద్దీలో గంటకు పది కిలోమీటర్ల వేగంతో పాకే బండికి ఆ అధిక బలంతో పని లేదు. అక్కడ కావలసినవి ఇరుకు సందులో తిరగగల ఒడుపు, తేలికైన క్లచ్, తక్కువ ఎత్తులో ఉండే బాడీ.

మరొక సంగతి ఉన్నది. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 నిబంధనల ప్రకారం తయారయ్యే డీజిల్ బండ్లలో సాధారణంగా పొగలోని మసిని పట్టే వడపోత ఉంటుంది. అది తనంతట తాను శుభ్రపడాలంటే ఇంజను కొంతసేపు వేడిగా, నిలకడగా నడవాలి. దినమంతా రెండేసి కిలోమీటర్ల చిన్న ట్రిప్పులే వేసే బండిలో మసి పేరుకొనే ప్రమాదం ఎక్కువ. దీనిని గురించి డీలరును ముందుగానే అడగడం వివేకం.

మూడువేల కిలోల గీత

రకాన్ని ఎంచుకొనేటప్పుడు చట్టం గీసిన ఒక గీతను గుర్తుంచుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం, సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి పర్మిట్ అవసరం లేదు. రెండు టన్నులు మోసే బండి తన సొంత బరువుతో కలిసి సహజంగానే ఆ గీత దాటిపోతుంది. పశ్చిమ బెంగాల్, ఒడిశా సరిహద్దులు చేరువలో ఉన్న జంషెడ్‌పూర్‌లో ఇది చిన్న విషయం కాదు. కనుక పెద్ద రకం కొనేవారు దాని పర్మిట్ ఖర్చును కూడ ధరలో కలిపి చూసుకోవాలి.

డ్రైవరు లైసెన్సు విషయంలో మాత్రం ఊరట ఉన్నది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. ఈ రెండు పికప్‌లూ ఆ పరిమితికి లోబడినవే.

ఇక అధిక లోడు. చిన్న బండి కొని పెద్ద బండి సరుకు ఎక్కిద్దామన్న ఆలోచన ఎందరినో ఊరిస్తుంది. 2019లో సవరించిన చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా రూ. 20,000, ఆపైన ప్రతి అదనపు టన్నుకు రూ. 2,000. జరిమానా తప్పినా కమాన్ కట్టలు, టైర్లు, బ్రేకులు తమ వంతు వసూలు చేయక మానవు.

చిన్నదా, పెద్దదా?

ఒక ఉదాహరణ చూద్దాం. 1.3 టన్నుల బండి లీటరుకు 14 కిలోమీటర్లు, రెండు టన్నుల బండి 12 కిలోమీటర్లు ఇస్తాయనుకొందాం. ఇవి లెక్క కోసం తీసుకొన్న అంకెలే. ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ నుండి ఆరు టన్నుల సరుకును, రానుపోను 40 కిలోమీటర్ల దూరానికి చేర్చాలి. చిన్న బండికి ఐదు ట్రిప్పులు, 200 కిలోమీటర్లు, 14 లీటర్ల పైచిలుకు డీజిలు. పెద్ద బండికి మూడు ట్రిప్పులు, 120 కిలోమీటర్లు, 10 లీటర్లు. ఇక్కడ పెద్ద బండిదే గెలుపు.

ఇప్పుడు పటమదా ప్రాంతపు కూరగాయలను రోజుకొక టన్ను చొప్పున నగరానికి తెచ్చే వ్యాపారిని ఊహించండి. దినానికి 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు. రెండు బండ్లకూ ట్రిప్పులు సమానమే. కాని పెద్ద బండి నెలకు సుమారు 24 లీటర్ల డీజిలు అదనంగా తాగుతుంది. లీటరు రూ. 90 అనుకొంటే రూ. 2,100కు పైగా వృథా. దానికితోడు అధిక ధర, అధిక వాయిదా. అవే రెండు బండ్లు, కాని ఫలితం తారుమారైంది. తీర్పు చెప్పినది కంపెనీ కాదు, సరుకు.

వాయిదా చెప్పే నిజం

ఎనిమిది లక్షల రూపాయల అప్పును పది శాతం వడ్డీతో ఐదేళ్ళలో తీర్చాలంటే నెలవాయిదా సుమారు రూ. 17,000. వడ్డీ పన్నెండు శాతమైతే సుమారు రూ. 17,800. నెలకు ఎనిమిది వందలే కదా అనిపిస్తుంది. ఐదేళ్ళలో అది రూ. 48,000. డీలరు ఇచ్చే పాతికవేల తగ్గింపుకు మురిసి, వడ్డీ శాతం అడగనివాడు లాభపడినట్లు భ్రమిస్తూ నష్టపోతాడు. నెలలో 25 రోజులు బండి నడిస్తే వాయిదాకై దినానికి రూ. 680 పక్కన పెట్టాలి. ఐదు రోజులు షెడ్డులో మూలపడితే అది రూ. 850 అవుతుంది.

సరుకు రవాణా వాహనాలపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. కొత్త బండి ధర తగ్గినప్పుడు పాత బండి విలువ కూడ తగ్గడం న్యాయం. పాత పికప్ కొనదలచినవారు తగ్గింపుకు ముందటి ధరతో పోల్చి చెప్పే బేరానికి లొంగరాదు.

ఊరి అభిమానం, ఇంటి అవసరం

టాటా పేరుతో వెలసిన నగరంలో టాటా బండి వైపు మనసు మొగ్గడం సహజం. ఆ అభిమానాన్ని తప్పుపట్టనవసరం లేదు. అయితే జంషెడ్‌పూర్ కర్మాగారం పేరుపొందినది భారీ లారీలకు. లారీల ఊరు అయినంత మాత్రాన పికప్ విడిభాగం పక్క వీధిలో దొరుకుతుందని అనుకోరాదు. అలాగే ఎక్కువగా అమ్ముడుపోతున్నది కనుక బొలేరోనే కొనాలనడమూ తర్కం కాదు. సీతారాండేరా, సాక్చీ, మాంగో ప్రాంతాలలోని నలుగురు మెకానిక్కులను రెండు ప్రశ్నలు అడగాలి: ఈ బండి క్లచ్ ప్లేటు ధర ఎంత? ఈ పూట కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? నలుగురూ వెంటనే చెప్పగలిగిన బండికి సగం మార్కులు వచ్చినట్లే.

మిగిలిన సగం కొనుగోలుదారు చేతిలోనే ఉన్నది. కొనేముందు ఒక నెలపాటు కిరాయి బండితో పని నడిపి, ప్రతి ట్రిప్పునూ పుస్తకంలో వ్రాసుకోవాలి. కాటాపై తూచిన సరుకు బరువు, దూరం, తిరుగు ప్రయాణంలో ఖాళీగా వచ్చినదీ లేనిదీ, ముట్టిన కిరాయి, అన్నీ అందులో ఉండాలి. ముప్పై రోజుల తరువాత ఆ పుటలు తిరగవేస్తే ఎన్ని కిలోల బండి కావాలో తెలుస్తుంది. ఆ బరువుకు సరిపోయే యోధాను, బొలేరోను పక్కపక్కన నిలిపి, ఖాళీగా కాక తన సరుకుతోనే ఒక్కొక్కదానిని నడిపి చూడాలి. పదవీ విరమణ సొమ్ముకు అంతకంటె నమ్మదగిన కాపలా లేదు.