నరసాపురం లేసు ఫోటో షార్ప్‌గా రావాలా? ఫోన్‌ని దగ్గరికి కాదు, కాస్త వెనక్కి జరపండి

నరసాపురం లేసుకి 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది. కాటన్ దారం, క్రోషే సూది, గంటల తరబడి చేతి పని. కానీ ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు దాన్ని పట్టుకుని చూడలేరు, ఫోటో మాత్రమే చూస్తారు. ఆ ఫోటో మసగ్గా ఉంటే చేతి అల్లికకీ మెషిన్ లేసుకీ తేడా తెలియదు. ఇక రేటు ఎందుకు ఎక్కువో ఎలా నమ్ముతారు? మీ ఇంట్లో అమ్మో, పిన్నో లేసు అల్లి అమ్ముతుంటే ఈ ఆర్టికల్ మీకోసమే. కొత్త ఫోన్ కొనక్కర్లేదు.

దగ్గరికి వెళ్తే ఎందుకు బ్లర్ అవుతుంది?

ప్రతి లెన్స్‌కీ ఒక కనీస ఫోకస్ దూరం ఉంటుంది. అంతకంటే దగ్గరికి వెళ్తే ఎన్నిసార్లు ట్యాప్ చేసినా ఫోకస్ అవ్వదు. పెద్ద సెన్సార్ ఉన్న ఫోన్ల మెయిన్ కెమెరాకి ఈ దూరం 15 నుంచి 20 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. అంటే ఖరీదైన ఫోన్ అయినంత మాత్రాన దగ్గర ఫోటోలు బాగా వస్తాయని కాదు.

అందుకే 20 సెంటీమీటర్ల పైనే ఉండి 2ఎక్స్ జూమ్ పెట్టండి. చాలా 50 మెగాపిక్సెల్ ఫోన్లు 2ఎక్స్‌లో సెన్సార్ మధ్య భాగాన్నే వాడతాయి కాబట్టి డీటెయిల్ పెద్దగా పోదు. లేసు మీద పడే ఫోన్ నీడ బెడద కూడా తగ్గుతుంది.

మ్యాక్రో కెమెరా సంగతేంటి?

బడ్జెట్ ఫోన్లలో వచ్చే 2 మెగాపిక్సెల్ మ్యాక్రో కెమెరాని పక్కన పెట్టేయొచ్చు. మెయిన్ కెమెరాతో తీసిన 12 మెగాపిక్సెల్ ఫోటోని పొడవులో, వెడల్పులో సగానికి క్రాప్ చేసినా 3 మెగాపిక్సెల్స్ మిగులుతాయి. లెక్క మీకే అర్థమైపోతుంది.

ఆటోఫోకస్ ఉన్న అల్ట్రావైడ్ అయితే వేరే కథ. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో దీంతోనే 2 సెంటీమీటర్ల దగ్గర నుంచి ఫోకస్ చేస్తుంది. ఒక్క ముడి చూపించడానికి ఇది సూపర్. మొత్తం డిజైన్ చూపించాలంటే మాత్రం మెయిన్ కెమెరానే బెటర్, ఎందుకంటే అల్ట్రావైడ్‌లో అంచులు సాగినట్టు వస్తాయి.

లైటింగ్, ఎక్స్‌పోజర్

1. ఫ్లాష్ ఆఫ్ చేయండి. ఎదురుగా పడే వెలుగులో అల్లిక ఎత్తుపల్లాలు కనిపించవు. కిటికీ పక్కన, వెలుగు ఒక వైపు నుంచి పడేలా పెట్టండి. రెండో వైపు తెల్ల థర్మాకోల్ ముక్క నిలబెడితే నీడలు మెత్తబడతాయి.

2. తెల్ల లేసు కింద ముదురు రంగు గుడ్డ వేయండి. అప్పుడు కెమెరా సీన్ చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది, దారాలన్నీ కలిసిపోయి తెల్ల మచ్చలా కనిపిస్తాయి. స్క్రీన్ మీద లాంగ్ ప్రెస్ చేసి ఫోకస్ లాక్ చేశాక, బ్రైట్‌నెస్ స్లైడర్ కొంచెం కిందికి లాగండి.

3. ఫోన్‌ని లేసుకి సమాంతరంగా పట్టుకోండి. దగ్గర ఫోటోల్లో షార్ప్‌గా ఉండే లోతు చాలా తక్కువ. ఫోన్ వంగితే ఒక మూల బాగుండి, ఇంకో మూల మసకబారుతుంది.

4. రెండు డబ్బాల మీద ఫోన్ ఆనించి 3 సెకన్ల టైమర్ పెట్టండి. బటన్ నొక్కినప్పుడు వచ్చే వణుకు ఫోటోలో పడదు.

పంపే ముందు

ఫోటోని ఫుల్‌గా జూమ్ చేసి చూడండి. దారం పోగులు విడివిడిగా కనిపిస్తేనే ఓకే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గించేస్తుంది, ఇంత కష్టమూ వేస్ట్. హెచ్‌డీలో గానీ, డాక్యుమెంట్‌గా గానీ పంపండి.

ఇంట్లో లేసు లేదా? రూపాయి బిళ్లతోనో, ఉల్లి పొరతోనో ప్రాక్టీస్ చేయండి. మా తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయలకి కొదవేం లేదు! ముందు 5 సెంటీమీటర్ల నుంచి ఒకటి, తర్వాత 20 సెంటీమీటర్ల నుంచి 2ఎక్స్‌లో ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి.