శశిరేఖ నడకలో ఘటోత్కచుడు

దూరదర్శన్‌లో 'మాయాబజార్' వేసిన రోజు మహేశ్వరంలో మా వాడకట్టు ఆడవాళ్ళంతా మా ఇంట్లోనే ఉండేవాళ్ళు. తెర మీద సావిత్రి కనబడగానే ఎవరో ఒకరు అందుకునేవాళ్ళు: "పాపం, గీమె ఎట్ల సచ్చిపోయిందో ఎర్కేనా?" నానమ్మ ఊరుకునేది కాదు. "సచ్చిన ముచ్చట తర్వాత. ముందు గామె నడక సూడు!"

నానమ్మ చూడమన్న నడక ఏదంటే, ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్ళింట చేరాక వచ్చేది. ఘటోత్కచుడిగా ఎస్.వి.రంగారావును అప్పటికే చూసేశాం. ఆ భారీ మనిషి ఇప్పుడీ సన్నటి పిల్లలో ఉన్నాడని సావిత్రి మనల్ని నమ్మించాలి. ఎవరూ లేనప్పుడు ఛాతీ విరుచుకుంటుంది, కనుబొమ ఎగరేస్తుంది, పెద్ద పెద్ద అంగలేస్తుంది. ఎవరైనా వస్తున్నారంటే చాలు, రెప్పపాటులో భుజాలు ముడుచుకుని సిగ్గుపడే పెళ్ళికూతురైపోతుంది. పెళ్ళిపాటలో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు పలికినప్పుడు కూడా ఆ ముఖం తడబడదు. ఘటోత్కచుడికి శశిరేఖలా ఉండటం పూర్తిగా చేతకాదు కదా! ఆ చేతకానితనాన్ని కూడా ఆమె నటించింది. 1957లో కె.వి.రెడ్డి ఈ సినిమా తీసేనాటికి సావిత్రి వయసు ఇరవై చిల్లర.

గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన పిల్ల. ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. విజయవాడలో పెదనాన్న ఇంట పెరిగి, నాట్యం నేర్చి, నాటకాలాడి, మద్రాసు వెళ్ళింది. 'సంసారం'లో నాయిక వేషం చేతిదాకా వచ్చి జారిపోయింది. 1951లో 'పాతాళభైరవి'లో దక్కింది ఒక్క నాట్యం. రెండేళ్ళకే 'దేవదాసు'లో పార్వతి. 'మిస్సమ్మ'లో మేరీ వేషం మొదట భానుమతిది. కొంత చిత్రీకరణయ్యాక ఆమె తప్పుకోవడంతో, రెండో నాయికగా అనుకున్న సావిత్రికి అది వచ్చింది. ముక్కుమీద కోపమున్న ఆ మేరీని ఇప్పుడు ఇంకొకరిలో ఊహించుకోవడం నావల్ల కాదు.

1968లో 'చిన్నారి పాపలు'కు ఆమె దర్శకత్వం వహించింది. సంగీతం పి.లీల, నృత్యాలు రాజసులోచన, కళాదర్శకత్వం మోహన. ఇన్ని ముఖ్యమైన శాఖలు ఆడవాళ్ళ చేతుల్లో పెట్టి సినిమా తీయడం ఆ రోజుల్లో ఎంత తెగింపో! సావిత్రి కథ చెప్పేవాళ్ళు ఈ సంగతి దగ్గర ఆగరెందుకన్నది నా బాధ. తిన్నగా అప్పుల దగ్గరికి, మద్యం దగ్గరికి పరుగెడతారు.

అవి జరగలేదని కాదు. అప్పటికే పెళ్ళయిన జెమినీ గణేశన్‌తో పెళ్ళి, ఎడబాటు, 'మూగమనసులు'ను తమిళంలో 'ప్రాప్తం'గా తీసి నష్టపోవడం, తాగుడు, మధుమేహం. 1980లో స్పృహ తప్పిన మనిషి పంతొమ్మిది నెలలు కోమాలోనే ఉండి, 1981 డిసెంబరు 26న మద్రాసులో కన్నుమూసింది. యాభై ఏళ్ళైనా నిండలేదు.

హాలీవుడ్‌లో మార్లిన్ మన్రో 1962లో ముప్పయ్యారేళ్ళకే పోయింది. లోకం కళ్ళలో ఆమె ముఖం ఆ వయసు దగ్గరే నిలిచిపోయింది. సావిత్రికి ఆ వీలు దొరకలేదు. చిక్కిన ఒంటితో 'గోరింటాకు'లో తల్లి వేషం వేసినప్పుడు జనం ఆమెలో పాత శశిరేఖను వెతుక్కున్నారు. జబ్బుపడ్డ మనిషిని చూసి జాలిపడొచ్చు. ఆడపిల్లలకు బుద్ధి చెప్పడానికి ఆమె చావును వాడుకోవడం మాత్రం అన్యాయం.

2010లో 'మాయాబజార్' రంగుల్లో వచ్చింది. మరుసటేడు సావిత్రి బొమ్మతో తపాలా బిళ్ళ వెలువడింది. 2018లో నాగ్ అశ్విన్ 'మహానటి' తీశాక, సావిత్రి అనగానే కీర్తి సురేశ్ ముఖం తలుచుకునే పిల్లలు తయారయ్యారు. ఆ పిల్లల్లో చాలామంది తర్వాత పాత సినిమాలు వెతుక్కుని చూశారు కాబట్టి నాకది సంతోషమే.

ఆ రోజుల్లో సినిమా అయిపోయాక మా చెల్లె వాకిట్లో పెద్ద అంగలేస్తూ శశిరేఖలోని ఘటోత్కచుడయ్యేది. నానమ్మ అరుగు మీద కూర్చుని దిద్దేది: "గట్ల కాదు బిడ్డా, ఇంకింత ఛాతీ ఇరువు. ఆఁ... ఇప్పుడు ఎవరో వచ్చిండ్రు, సిగ్గువడు!"