నోయిడా కోడలు, మండీ హౌస్ చుట్టాలు

హిందీ టీవీ కామెడీల్లో నటులు, పాత్రలు, జోకులు ఒక సీరియల్ గడప దాటి మరో సీరియల్లోకి వెళ్లడం పాత అలవాటే. ఒకప్పుడు అతిథి వచ్చేది పాత్ర కోసం. ఇప్పుడు సినిమా పోస్టర్ చేత్తో పట్టుకుని వస్తున్నాడు

ఆమె అసలు పేరు మనీషా సింగ్. పుట్టినిల్లు నోయిడా. ముంబయిలోని కఫ్ పరేడ్‌లో ఓ సంపన్న కుటుంబంలో కోడలిగా అడుగు పెట్టాక అత్తగారు మాయా సారాభాయి ఆమె పేరు మార్చేసింది. 'మనీషా' అన్నది మరీ మిడిల్ క్లాస్‌గా ఉందిట. 'మోనీషా' అయితే ఫరవాలేదు. స్టార్ వన్‌లో 2004 నుంచి 2006 దాకా వచ్చిన 'సారాభాయి వర్సెస్ సారాభాయి' హాస్యం అంతా దాదాపుగా ఆ ఒక్క ఓత్వంలోనే ఉంది. కూరగాయల దగ్గర బేరమాడే, ఉచిత బహుమతి ఉంటే తప్ప వస్తువు కొనని నోయిడా కోడలు ఒకవైపు. టీకప్పు పట్టుకునే తీరును బట్టి మనిషి విలువ కట్టే దక్షిణ ముంబయి అత్త మరోవైపు. (మాయ ముక్కు చిట్లించిన ఆ నోయిడాలోనే, సెక్టర్ 16ఏ ఫిల్మ్ సిటీలో, దేశంలోని న్యూస్ చానళ్లు ఒకదాని పక్కన ఒకటి కొలువు తీరాయన్నది వేరే సంగతి.)

ఆ సీరియల్‌ను తొలి ప్రసారంలో చూసిన వారి కంటే తర్వాత పునఃప్రసారాల్లో, ఇంటర్నెట్‌లో చూసిన వారే ఎక్కువ. రెండోసారి చూసినవారికి మొదటిసారి తట్టనివి చాలా తట్టాయి. మాయగా వేసిన రత్నా పాఠక్ షా, ఆమె భర్త ఇంద్రవదన్‌గా వేసిన సతీశ్ షా 1990లలో జీ టీవీ 'ఫిల్మీ చక్కర్'లో అప్పటికే జంటగా నవ్వించినవారు. మాయ ఇంగ్లిష్ ఉచ్చారణ దిద్దుతుంటే, అదే నిర్మాతలు (హ్యాట్స్ ఆఫ్ సంస్థకు చెందిన జె.డి. మజీఠియా, ఆతిశ్ కపాడియా) 2002లో మొదలుపెట్టిన 'ఖిచిడీ'లో హంస అనే కోడలు ప్రతి ఇంగ్లిష్ మాటకూ మొగుడు ప్రఫుల్‌ను అర్థం అడుగుతుంది. అతగాడు తప్పు అర్థం చెబుతాడు. ఆమె తృప్తిగా తలూపుతుంది. హంసగా వేసిన సుప్రియా పాఠక్, మాయగా వేసిన రత్న సొంత అక్కచెల్లెళ్లు. ఇద్దరూ కలిసి 1985లోనే దూరదర్శన్ 'ఇధర్ ఉధర్'లో నటించారు. ఈ చుట్టరికం తెలిసినవారికి రెండు సీరియళ్లూ ఒకదాన్ని మరొకటి ఆటపట్టిస్తున్నట్టే కనిపిస్తాయి.

ఇక మోనీషాకు ఉన్న పెద్ద బలహీనత ఏడుపుగొట్టు సీరియళ్లు. వాటిని ఎగతాళి చేయడానికే పుట్టిందా అనిపించే ఆ పాత్ర వేసిన రూపాలీ గంగూలీ, 2020లో స్టార్ ప్లస్‌లో మొదలైన 'అనుపమా'తో సరిగ్గా అలాంటి సీరియళ్లకే మహారాణి అయ్యారు. ఇంతకంటే మంచి జోకు ఏ రచయితా రాయలేడు.

మండీ హౌస్ చౌరస్తా

ఈ చుట్టరికాల వేళ్లు వెతుక్కుంటూ వెళ్తే ఢిల్లీలోని మండీ హౌస్ చౌరస్తాకు చేరతాం. దూరదర్శన్ ప్రధాన కార్యాలయం అక్కడే. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా, శ్రీరామ్ సెంటర్, కమానీ ఆడిటోరియం అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే. నటుడికి, నాటకానికి, టెలివిజన్‌కు మధ్య దూరం ఒక్క టీ తాగేంత. 1984 జులైలో మొదలైన 'హమ్ లోగ్' చిత్రీకరణ జరిగింది అప్పటికి ఇంకా పొలాలు మిగిలి ఉన్న గుర్‌గావ్‌లో. రచయిత మనోహర్ శ్యామ్ జోషి. అది కామెడీ కాదు గానీ, తర్వాతి కామెడీలకు కావలసిన సరుకులో కొంత అక్కడే తయారైంది. బడ్కీగా వేసిన సీమా భార్గవ (తర్వాత సీమా పాహ్వా), మనోజ్ పాహ్వా, రాజేశ్ పురీ, ఆసిఫ్ షేక్ అందులో కనిపించినవారే. ఎపిసోడ్ చివర్లో అశోక్ కుమార్ వచ్చి ప్రేక్షకులతో మాట్లాడి వెళ్లేవారు. అంత పెద్ద తార కథలో వేలు పెట్టకుండా, గుమ్మం దగ్గరే నిలబడి పలకరించి పోవడం ఆనాటి మర్యాద.

జోషి ఆ తర్వాత ఓం పురీ రాజకీయ నాయకుడిగా నటించిన 'కక్కాజీ కహిన్', రఘువీర్ యాదవ్ పగటి కలలు కనే 'ముంగేరీలాల్ కే హసీన్ సప్నే' రాశారు. ఓం పురీ, యాదవ్ ఇద్దరూ ఎన్‌ఎస్‌డీ విద్యార్థులే. 'ఖిచిడీ'లో బాబూజీగా తలపట్టుకునే అనంగ్ దేశాయ్ కూడా అంతే.

ముంబయి వైపు నుంచి అదే ఏడాది, 1984లో, 'యే జో హై జిందగీ' వచ్చింది. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి. హిందీ సరిగా రాని తెలుగు ఇళ్లలో కూడా ఆ వేళకు టీవీ ముందు చాపలు పరుచుకునేవి. రచన శరద్ జోషి. దర్శకుల్లో ఒకరు, అంతకు ముందు ఏడాదే 'జానే భీ దో యారో' తీసిన కుందన్ షా. ఆ సినిమాలో శవంగా మారి కూడా నవ్వులు పూయించిన సతీశ్ షాకు ఇక్కడ చిత్రమైన ఉద్యోగం దొరికింది: వారం వారం కొత్త మనిషిగా రావడం. ఒక వారం ఒక యాసలో, మరో వారం మరో వేషంలో. వేరే అతిథి నటుల అవసరం లేకుండా ఆ పని అంతా ఆయన ఒక్కడే మోసుకొచ్చాడు. ఇంటి నలుగురూ మారరు, తలుపు తట్టేవాడు మాత్రం వారానికొకడు, అయినా అందరూ ఒకడే. దీన్ని మించిన అతిథి పాత్ర భారతీయ టెలివిజన్‌లో మళ్లీ రాలేదని చెప్పడానికి వెనుకాడనక్కర్లేదు. సతీశ్ షా 2025 అక్టోబర్ 25న కన్నుమూసినప్పుడు సారాభాయి బృందం ఆ సీరియల్ టైటిల్ పాట పాడి ఆయనను సాగనంపింది.

కుందన్ షా తర్వాత 'నుక్కడ్' (1986)లో భాగస్వామి అయ్యారు. ఆర్.కె. లక్ష్మణ్ సామాన్యుడికి తెర రూపం అనదగ్గ 'వాగ్లే కీ దునియా' (1988) ఆయనదే. ఆ వాగ్లే ఇంటికి ఒక ఎపిసోడ్‌లో వచ్చిపోయిన కుర్రాడు షారుఖ్ ఖాన్. ఢిల్లీ హన్స్‌రాజ్ కాలేజీ విద్యార్థి, బ్యారీ జాన్ నాటక బృందం సభ్యుడు, ఢిల్లీలోనే తీసిన 'ఫౌజీ' (1989) హీరో. అప్పట్లో అతిథి నటుడంటే ఇంకా స్టార్ కానివాడు. మొహం బాగుంది, ఇంకో సీరియల్లో వేస్తాడేమో చూద్దాం అనుకుని పిలిచేవారు.

అవే ముఖాలు, వేరే ఆఫీసు

ఆ పద్ధతిని ఇంకో మెట్టు ఎక్కించినవాడు చండీగఢ్‌కు చెందిన జస్పాల్ భట్టీ. 1989లో 'ఫ్లాప్ షో' తీసింది కేవలం పది ఎపిసోడ్లు. సవితా భట్టీ, వివేక్ శౌక్ తదితర అదే బృందం వారానికొక కొత్త అవతారం ఎత్తేది. కాంట్రాక్టర్లు, అధికారులు, ప్రొఫెసర్లు వరసగా దొరికిపోయారు. సినిమా పాటలకు పేరడీలు కట్టి ఎగతాళి చేసినా ఎవరికీ కోపం రానంత చల్లగా చురక పెట్టడం ఆయన ప్రత్యేకత. 2012లో రోడ్డు ప్రమాదంలో పోయారు.

పన్నెండేళ్ల తర్వాత, 2001లో, సబ్ టీవీ 'ఆఫీస్ ఆఫీస్' అదే కిటుకును మరింత పదును చేసింది. ముసద్దీలాల్ (ఎన్‌ఎస్‌డీ పంకజ్ కపూర్) ఈ వారం పెన్షన్ ఆఫీసుకు, వచ్చే వారం ఆస్పత్రికి వెళ్తాడు. ఎక్కడికెళ్లినా కౌంటర్ వెనక అవే అయిదు ముఖాలు: మనోజ్ పాహ్వా, సంజయ్ మిశ్రా, దేవేన్ భోజానీ, హేమంత్ పాండే, అసావరీ జోషీ. పాత్రల పేర్లూ అవే. శుక్లా ఇక్కడ కూడా శుక్లాయే. నటులకు పారితోషికం మిగిల్చే పొదుపు మార్గం కాదిది, ప్రభుత్వ కార్యాలయాల మీద వ్యాఖ్య. శాఖ మారుతుంది గానీ గుమాస్తా మారడు. ఢిల్లీలో ఏదో ఒక భవన్ కౌంటర్ ముందు నిలబడి 'రేపు రండి' అనిపించుకున్న ఎవరికైనా విడమరిచి చెప్పాల్సిన పని లేదు. దర్శకుడు రాజీవ్ మెహ్రా, పంకజ్ కపూర్ ఇద్దరూ అంతకు ముందు 1993లో 'జబాన్ సంభాల్‌కే'లో కలిసి పనిచేసినవారే.

సబ్ అంటే హిందీలో 'అందరూ' అని అర్థం. శ్రీ అధికారి బ్రదర్స్ అనే పేరు పొడి అక్షరాలు కూడా అవే. వారి 'శ్రీమాన్ శ్రీమతి' 1990ల నడుమ దూరదర్శన్‌లో వచ్చింది. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సూత్రం మీద నడిచిన కథ: ఇద్దరు మగవాళ్లు, ఎవరికి వారికి పక్కింటావిడే గొప్ప. 2015లో &టీవీ 'భాబీజీ ఘర్ పర్ హై' అదే సూత్రాన్ని కాన్పూర్‌కు తీసుకెళ్లింది. అప్పుకు వడ్డీ చెల్లించినట్టుగా, పాత సీరియల్లో దిల్‌రుబాగా వేసిన రాకేశ్ బేడీని పిలిచి కొత్త సీరియల్లో అంగూరీ తండ్రి పాత్ర ఇచ్చారు. పక్కింటాయన విభూతిగా 'హమ్ లోగ్' ఆసిఫ్ షేక్. 'భాబీజీ' నుంచి దరోగా హప్పూ సింగ్ విడిపోయి 2019లో సొంత సీరియల్ పెట్టుకున్నాడు. ఈ రెంటితోపాటు 'ఎఫ్‌ఐఆర్', చాందినీ చౌక్‌లో జరిగే 'జీజాజీ ఛత్ పర్ హై' (2018) కూడా ఎడిట్ టు సంస్థవే. ఢిల్లీ అమ్మాయి కవితా కౌశిక్ హర్యాణా యాసతో లాఠీ ఊపిన చంద్రముఖీ చౌతాలా 'ఎఫ్‌ఐఆర్' ముగిసిన ఏడేళ్లకు, 2022లో, లక్నో పోలీస్ స్టేషన్ కథ 'మేడమ్ సర్'లో మళ్లీ ప్రత్యక్షమైంది.

చానళ్లు ఈ రాకపోకలకు 'మహాసంగమ్' అని గంభీరమైన పేరు పెట్టాయి. 2014లో 'తారక్ మెహతా కా ఉల్టా చష్మా' కాలనీకి 'సీఐడీ' బృందం వచ్చింది. ఒకే కంపెనీ చానళ్లు రెండూ. కథకు అవసరమై వచ్చారా, రేటింగ్‌కు అవసరమై వచ్చారా అన్నది ప్రేక్షకుడు వెంటనే పసిగడతాడు.

మలుపు మాత్రం అంతకు ముందే వచ్చింది. 'సారాభాయి' నడుస్తున్న రోజుల్లోనే, 2005లో, అదే స్టార్ వన్ 'గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ చాలెంజ్' మొదలుపెట్టింది. పాత్రలు, సెట్లు, సంభాషణ రచయితలు అక్కర్లేదు. ఒక మైకు, ఇద్దరు జడ్జీలు చాలు. అక్కడి నుంచి 2013లో కలర్స్ 'కామెడీ నైట్స్ విత్ కపిల్' దాకా దారి తిన్నగా సాగింది. అందులో అతిథే ప్రధాన వంటకం. ఈ వారం ఏ సినిమా విడుదలో ఆ తారలే సోఫాలో ఉంటారు. జోకు వారి గురించే, నవ్వేదీ వారే.

తెలుగులో కథ ఇంతకంటే భిన్నమేమీ కాదు. హైదరాబాద్ దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందోబ్రహ్మ', ఆ తర్వాత జెమినీలో గుణ్ణం గంగరాజు 'అమృతం' (2001-07). అమృతం పాత్రధారులు మారినా అంజిగా గుండు హనుమంతరావు, అప్పాజీగా శివన్నారాయణ కదల్లేదు కాబట్టి ఇల్లు ఇల్లుగానే ఉంది. 2013లో ఈటీవీ 'జబర్దస్త్' వచ్చాక పాత్రల కంటే టీములు ముఖ్యమయ్యాయి. స్కిట్లు సినిమాలను, పక్క టీములను పేరడీ చేస్తాయి. 2019 చివర్లో నాగబాబు జడ్జి కుర్చీ దిగి జీ తెలుగు 'అదిరింది'కి వెళ్లినప్పుడు ప్రేక్షకులు కథ గురించి కాక ఎవరు ఏ చానల్‌లో ఉన్నారన్న దాని గురించి మాట్లాడుకున్నారు.

ఈ మార్పులో నష్టపోయినవాడు రచయిత. శరద్ జోషి, మనోహర్ శ్యామ్ జోషి పేర్లు ఆ రోజుల్లో చదువరులకు ముందే తెలుసు. 'భాబీజీ', 'జీజాజీ' రాసిన మనోజ్ సంతోషి 2025 మార్చిలో చనిపోయేనాటికి, ఆయన పుట్టించిన పాత్రలను అనుకరించే జనంలో ఎంతమందికి ఆ పేరు తెలుసు? పాత్ర ఒక సీరియల్ నుంచి మరో సీరియల్‌కు వెళ్తే చానల్‌కు రేటింగ్, నటుడికి పేరు. దానికి మాట నేర్పినవాడికి దక్కేది టైటిల్స్‌లో వేగంగా దొర్లిపోయే ఒక వరస.

అయినా పాత దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2021 ఫిబ్రవరిలో సోనీ సబ్‌లో 'వాగ్లే కీ దునియా' మళ్లీ మొదలైంది. తీసింది 'ఖిచిడీ' జె.డి. మజీఠియా. అంజన్ శ్రీవాస్తవ్, భారతీ ఆచ్రేకర్ ముప్పై ఏళ్ల తర్వాత అదే వాగ్లే దంపతులుగా, తాతా నాయనమ్మలుగా తిరిగొచ్చారు. వారి కొడుకు రాజేశ్ ఓ మధ్యతరగతి ఉద్యోగి, ఖర్చులు లెక్క చూసుకునే మనిషి. ఆ పాత్రకు ఎంచుకున్నది సుమీత్ రాఘవన్‌ను. అంటే కఫ్ పరేడ్‌లో మాయా సారాభాయి పెద్ద కొడుకు సాహిల్‌ను, నోయిడా మోనీషా మొగుడిని.