చలికాలమున కారుకు ఆకలి యేల?

ధనుర్మాసము వచ్చినది మొదలు ఉప్పాడలో కారుగలవారికి ఒక సందేహము పుట్టుట సహజము. "వేసవిలో ఇంతే పెట్రోలుతో ఇంకను కొంతదూరము పోయెడివారము గదా, ఇప్పుడేల చాలదు?" అనుమానము మొట్టమొదట బంకువాని కొలతమీదికి పోవును. ఆతనిని నిందింపకముందు ఇంజనులో జరుగునదేమో కొంచెము విచారింతము.

మన యిండ్లలోని కొబ్బరినూనె సీసాను చూడుడు. వేసవిలో నీరువలె పారు ఆ నూనె సుమారు 24 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన పేరుకొని సీసానుండి కదలదు. ఇంజనునూనె అట్లు గడ్డకట్టదు గాని చలికి చిక్కనగును. అందులో యంత్రభాగములు తిరుగుటకు అధికబలము కావలెను. ఇది మొదటి కారణము.

రెండవది పెట్రోలు స్వభావము. ఇంజనులో మండవలసినది ద్రవము కాదు, దాని ఆవిరి. చల్లని ఇంజనులో కొంత పెట్రోలు ఆవిరికాక గోడలకంటుకొని నిలుచును. ఆ లోటు తీర్చుటకు మరికొంత పోయవలసివచ్చును. పూర్వపు బండ్లలో డ్రైవరు చోకు లాగి ఈ పని చేసెడివాడు. నేటి బండ్లలో కంప్యూటరే చేయుచున్నది.

ఇంజను చక్కగా పనిచేయుటకు దానిచుట్టు తిరుగు నీరు సుమారు 90 డిగ్రీలకు కాగవలెను. మేనెలలో 35 డిగ్రీలకడ బయలుదేరిన బండి 55 డిగ్రీలు వేడెక్కవలెను. ఉప్పాడ చలివేకువలో 20 డిగ్రీలనుండి యైనచో 70 డిగ్రీలు. ఆంధ్రకాశ్మీరమని పేరొందిన లంబసింగిలో, పాదరసము సున్న సమీపమునకు దిగిన ఉదయమున, దాదాపు 90. కావున మన తీరమున చలివలని నష్టము స్వల్పమే. అసలు దొంగ చిన్న ప్రయాణము. ఇంజను కాగునంతలో ఊరు వచ్చును. బండి ఆగి మరల చల్లారును.

అమెరికా ఇంధనశాఖవారి లెక్కలో, 25 డిగ్రీలకంటె సున్నకు 7 డిగ్రీల దిగువన, పట్టణములోని చిన్న ప్రయాణములలో పెట్రోలుకారు మైలేజి సుమారు నూటికి 15 వంతులు తగ్గును. ఐదారు కిలోమీటర్ల ప్రయాణములలో ఆ నష్టము 24 వంతులవరకు పోవచ్చును.

ఇంకను రెండు చిల్లరఖర్చులు గలవు. 35 డిగ్రీలనుండి 20కి దిగినచో గాలి నూటికి 5 వంతులు చిక్కనై బండి కెదురు నిలుచును. టైరులోని గాలి సంకోచించి, చదరపు అంగుళమునకు రెండు పౌనులకు పైగా ఒత్తిడి తగ్గును. మెత్తబడిన టైరు బరువుగా దొర్లును. అయితే వేసవిలో ఏసీ త్రాగు పెట్రోలు ఇప్పుడు మిగులునని మరువరాదు.

ఇక చేయవలసినదేమి? ఇంజను వేసి నిలిపి వేడిచేయుట వృథా. అరనిమిషములో బయలుదేరి మెల్లగా నడిపినచో అది త్వరగా కాగును. రేవుకొకసారి, అంగడికొకసారి, కొత్తపల్లికొకసారి పోక, మూడు పనులను ఒక్క ప్రయాణమున ముగింపుడు. ఉదయము బండి కదలకముందే టైర్లలో గాలి చూపింపుడు. కారు చేసినవారు సూచించిన నూనెనే పోయుడు. కిరాయికారు నడుపుకొని బ్రదుకువానికి ప్రతి లీటరును కూలిలోనుండి పోవునదే. ఇంత చేసినను ముల్లు వడిగా దిగినచో, అప్పుడు బంకులో కొలతను పరీక్షింపుమని యడుగుడు.