స్వయంచాలక గేరుపెట్టె - దాని శత్రువగు వేడి

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు బాటలో వేసవినాడు ప్రయాణము చేసినవారికి ఎండ యనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. మే నెలలో ఈ ప్రాంతమున 45 డిగ్రీల సెంటిగ్రేడు వేడి అరుదైన విషయము కాదు. బాట వెంట చాలదూరము అడవి. గోదావరిపై 1965లో ప్రారంభమైన వంతెనను దాటి, చింతూరు మీదుగా మారేడుమిల్లి వైపు పోయినచో కొండ మలుపులు ఎదురగును.

ఇట్టి బాటలో ప్రతిదినము తిరుగు ఒక కారును ఊహింతము. అది వేగమునకు పేరుపడిన కారు. దానిలో గేర్లు వాటంతటవే మారును. యజమాని ఎంజినును నడిపించు కంప్యూటరు లెక్కలను మార్పించి, త్రిప్పుబలమును, అనగా టార్కును, 300 నుండి 400 న్యూటను మీటర్లకు పెంచెను. కొన్ని నెలలు కారు అంబువలె దూసుకొనిపోయెను. ఒకనాడు ఎండలో చడావు ఎక్కుచుండగా ఎంజిను గట్టిగా మ్రోగినది గాని, కారు ముందునకు కదలలేదు. ఎంజిను చెడలేదు, గేరుపెట్టె ఓడిపోయినది. ఎందుచేత?

లోపల ఏమున్నది?

రెండు విద్యుత్ పంకాలను ఎదురెదురుగా ఉంచి, ఒకదానిని మాత్రము తిప్పినచో, దాని గాలికి రెండవది కూడ తిరుగును. గాలికి బదులు నూనెను, పంకాలకు బదులు రెక్కలు గల రెండు గిన్నెలను పెట్టి, అన్నిటిని ఒకే డొల్లలో మూసినచో ద్రవ సంయోజకమగును. ఈ ఉపాయమును జర్మనీ దేశపు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కొరకు కనిపెట్టెను. ఆ రెండింటి నడుమ, వెనుకకు వచ్చు నూనెను మళ్ళించు మరియొక రెక్కలచక్రమును చేర్చినచో, కారు బయలుదేరునపుడు టార్కు సుమారు రెండింతలగును. దీనినే టార్కు కన్వర్టరు అందురు.

దాని వెనుక సౌరకుటుంబమును పోలిన పళ్ళచక్రములు ఉండును. నడుమ సూర్యచక్రము, చుట్టు గ్రహచక్రములు, వెలుపల వలయచక్రము. సూర్యచక్రమునకు 30 పళ్ళు, వలయచక్రమునకు 60 పళ్ళు ఉన్నవనుకొందము. వలయమును కదలనీయక పట్టి, సూర్యచక్రమును తిప్పినచో, గ్రహములను మోయు చట్రము మూడు చుట్లకు ఒక చుట్టు చొప్పున తిరుగును. ఏ చక్రమును పట్టవలెను, దేనిని విడువవలెను అన్న పనిని నూనె ఒత్తిడితో బిగియు క్లచ్చి పలకలు చేయును. మానవుడు ఎడమకాలితో చేయు పని ఇక్కడ నూనె చేయుచున్నది.

నూనె ఎంత కాగును?

ద్రవ సంయోజకములో జారుడు తప్పదు. జారిన శక్తి ఎక్కడికి పోవును? శక్తి నశింపదు, వేడిగా మారి నూనెలో చేరును. ఎంజిను నుండి 60 కిలోవాట్ల శక్తి వచ్చుచుండగా, కన్వర్టరు అందులో 80 శాతమునే ముందునకు పంపినదనుకొందము. మిగిలిన 12 కిలోవాట్లు వేడియగును. నీళ్ళు కాచు 1500 వాట్ల విద్యుత్ కడ్డీలు ఎనిమిదింటిని ఒకేసారి నూనెలో ముంచినట్లే!

పెట్టెలో ఎనిమిది లీటర్ల నూనె, అనగా సుమారు 6.8 కిలోగ్రాములు ఉన్నదనుకొందము. ఒక కిలో నూనెను ఒక డిగ్రీ వేడిచేయుటకు రమారమి రెండు కిలోజౌళ్ళు కావలెను. ఒక్క నిమిషములో చేరు 720 కిలోజౌళ్ళు, చల్లార్చు ఏర్పాటు లేనిచో, నూనెను 50 డిగ్రీలకు పైగా వేడెక్కించును. ఈ లెక్కను విద్యార్థులు స్వయముగా చేసి చూడవలెను.

ఇక చల్లదనము సంగతి. వేడి వస్తువుకు, గాలికి గల ఉష్ణోగ్రతల తేడాను బట్టి వేడి బయటకు పోవునని న్యూటను చెప్పెను. నూనె 95 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు అయినచో తేడా 70. అదే గాలి 45 డిగ్రీలైనచో తేడా 50 మాత్రమే. అనగా చల్లని ఊరిలో ఏడు పాళ్ళ వేడిని వదలు గొట్టము, కొత్తగూడెము ఎండలో ఐదు పాళ్ళనే వదలును. కారు మారలేదు, నడుపువాడు మారలేదు; గాలి మారినది.

వేడి హద్దుమీరినచో నూనె గాలిలోని ఆమ్లజనితో త్వరగా కలిసి చెడిపోవును. రమారమి ప్రతి పది డిగ్రీలకు ఈ చర్య వేగము రెట్టింపగును. చెడిన నూనె పలకలను సరిగా బిగింపజాలదు. బిగియని పలకలు జారును. జారిన పలకలు మరింత వేడిని పుట్టించును. ఈ విషవలయములోనే మన కారు చిక్కినది.

ఎట్లు బలపరుపవలెను?

ముందుగా చేయవలసినది చల్లార్చుట. అనేక కార్లలో గేరుపెట్టె నూనె, ఎంజిను రేడియేటరులోని వేడినీటి వలననే చల్లబడును. దాని తరువాత గాలితో చల్లబడు వేరొక చిన్న రేడియేటరును చేర్చుట, నూనె ఉష్ణోగ్రతను చూపు మీటరును పెట్టుట, తయారీదారు చెప్పిన రకపు నూనెను సకాలమున మార్చుట - ఇవి ఖర్చు తక్కువ, ఫలము ఎక్కువ గల పనులు.

రెండవది పలకలు. టార్కు 300 నుండి 400కు పెరిగినది గనుక పట్టు కూడ మూడవ వంతు పెరుగవలెను. ఐదు పలకలకు ఘర్షణ ముఖములు పది. ఆరవ పలకను ఇమిడించినచో ముఖములు పన్నెండగును. పట్టు 20 శాతము పెరుగును. మిగిలిన లోటును నూనె ఒత్తిడిని సుమారు 11 శాతము పెంచి తీర్పవలెను. కాని చోటు పెరుగదు గనుక ఆరు పలకలు పలుచబడవలెను. పలుచని పలక త్వరగా కాలును. ఒత్తిడి మరీ పెరిగినచో పంపునకు భారము, గేరు మారినప్పుడెల్ల కుదుపు. ఒకచోట లాభము మరియొకచోట ఖర్చుగా వ్రాయబడును.

మూడవది కన్వర్టరు. పందెములకు వాడు కన్వర్టరు ఎంజినును ఎక్కువ చుట్లు తిరుగనిచ్చి పిదప లాగును. బయలుదేరునపుడు అది గొప్పగా ఉండును. కాని ఖమ్మము బజారులో ఆగుచు సాగుచు పోవు కారులో అది జారుచునే ఉండి నూనెను కాచును. నిత్యము నడుపు కారునకు కావలసినది జారుడును తొలగించు గట్టి తాళపు క్లచ్చి. కన్వర్టరులోని రెండు గిన్నెలను ఇది ఒకటిగా బంధించును. అమెరికాలోని ప్యాకర్డు సంస్థ 1949లోనే ఇట్టి క్లచ్చిని తన కార్లలో అమర్చెను.

ఈ సూత్రమునకు నిదర్శనము దూరమున లేదు. సింగరేణి బహిరంగ గనులలో బొగ్గును, మట్టిని మోయు పెద్ద డంపర్లలో కూడ టార్కు కన్వర్టరు, గ్రహచక్రముల గేరుపెట్టె, తాళపు క్లచ్చి ఉండును. వాటిని నిర్మించువారు బలమునెంత లెక్కింతురో, నూనెను చల్లార్చుటను గూడ అంత శ్రద్ధగా లెక్కింతురు.

రెండు హెచ్చరికలు

1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. కనుక ఏ మార్పునకైనను ముందుగా రవాణా శాఖవారిని విచారింపవలెను.

రెండవది అడవిదారికి సంబంధించినది. కారు ఆగిపోయినచో ట్రాక్టరుకు త్రాడు కట్టి లాగించుట మన అలవాటు. సాధారణముగా గేరుపెట్టెలోని నూనె పంపును ఎంజినే తిప్పును. ఎంజిను ఆగియుండగా, నడుపుచక్రములు నేలపై దొర్లినచో లోపలి చక్రములు నూనె లేకయే తిరిగి అరిగిపోవును. నడుపుచక్రములను పైకెత్తియో, కారును మొత్తముగా వేరొక బండి మీద ఎక్కించియో తీసికొనిపోవలెను. చిన్న మరమ్మతుతో పోవలసినది ఆ పది మైళ్ళ లాగుడుతో పెద్ద నష్టముగా మారకూడదు.

ఎంజిను బలమును ఒక్క పూటలో పెంచవచ్చును. ఆ బలమును మోయుటకు, దాని వేడిని వదలుటకు దారి చూపిన పిమ్మటనే అది మనకు ఉపయోగపడు బలమగును.