మనోవేదన – వ్యాధినిరోధక శక్తి

మనోవ్యాధికి మందు లేదని మన సామెత. ఆ మనోవ్యాధి శరీరవ్యాధిని కూడా పెంచగలదా అన్నది శాస్త్రజ్ఞులను చిరకాలంగా ఆలోచింపజేస్తున్న ప్రశ్న. విద్యార్థి సోదర సోదరీమణులకు ఈ విషయాన్ని సంగ్రహంగా వివరించడమే మా ఉద్దేశం.

రక్తంలోని తెల్లకణాలు శరీరమనే కోటకు కావలివారివంటివి. బయటినుండి ప్రవేశించే సూక్ష్మక్రిములను గుర్తించి నాశనం చేయడం వాటి ధర్మం. కొందరిలో ఈ కావలివారే పొరబడి సొంత కోటపై దాడి చేస్తారు. దాడి ముఖ్యంగా కీళ్ళపొరలపై జరిగితే రుమటాయిడ్ కీళ్ళవాతం, చర్మం, మూత్రపిండాలు మొదలైన పలు అవయవాలపై జరిగితే లూపస్ అనే వ్యాధి కలుగుతాయి. ఇటువంటివాటిని ఆటో ఇమ్యూన్ వ్యాధులంటారు.

భయంగాని దుఃఖంగాని కలిగినప్పుడు మెదడు పంపే సంకేతాల వల్ల, మూత్రపిండాలపైనున్న ఎడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. ఇది వాపును అణచివేస్తుంది. ఈ గ్రంథుల హార్మోన్లపై పరిశోధించిన కెండాల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు 1950లో నోబెల్ బహుమతి లభించింది.

అట్లయితే వేదన వల్ల వ్యాధి తగ్గవలసినది కదా అన్న సందేహం కలుగవచ్చు. ఆందోళన నెలల తరబడి సాగినప్పుడు తెల్లకణాలు కార్టిసాల్ ఆజ్ఞను మునుపటివలె పాటించకపోవచ్చు. నిద్రలేమి కూడా తోడై, వాపును ప్రేరేపించే రసాయనాలు పెరుగుతాయి.

స్వీడన్‌లో తీవ్ర మానసికాఘాత సంబంధమైన రుగ్మతలు గల 1,06,464 మందిని పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఏటా వెయ్యికి సుమారు 9 మందికి ఆటో ఇమ్యూన్ వ్యాధులు రాగా, ఆ రుగ్మతలు లేనివారిలో ఆ సంఖ్య 6. సంబంధం ఉన్నదనుటకు ఇది నిదర్శనమే గాని, వేదనయే ఏకైక కారణమనుటకు కాదు. వేదనకు గురైనవారిలో అత్యధికులకు ఈ వ్యాధులు రాలేదన్నది గమనించాలి. వంశపారంపర్య లక్షణాలు, ధూమపానం వంటి కారణాలు కూడా ఉన్నాయి.

కనుక "నీ దిగులే నీ రోగం" అని రోగిని నిందించడం అన్యాయం. ఆ నింద మరొక వేదన అవుతుంది. మనశ్శాంతి, చాలినంత నిద్ర చికిత్సకు తోడ్పడతాయే గాని, మందులకు బదులు కాజాలవు. వైద్యుని సలహా లేనిదే మందు మానరాదు.

కీళ్ళవాతం గలవారికి ఉదయం వేళ చేతివేళ్ళు బిగుసుకొని కలం పట్టడమే కష్టమవుతుంది. అటువంటి విద్యార్థి పట్ల హాజరు విషయంలోను, కళాశాల పరీక్షల సమయం విషయంలోను కొంత సడలింపు చూపవలసిందిగా కళాశాల కమిటీవారిని సవినయంగా కోరుతున్నాము. సహాధ్యాయులు చేయగలిగినదీ ఒకటున్నది: ఆ రోజు పాఠం వ్రాసిపెట్టి, మిత్రునికి అందజేయడం.